నీటికి నచ్చిన గుడ్డ

మోడల్‌గా పనిచేసే అక్క కూతురికి బట్టలు ఎంచిపెట్టడం పిన్నికి మంచినీళ్ల ప్రాయం. కానీ ఈసారి ఫోటోలు తీసేది ఈతకొలను అడుగున. పిన్నికేమో నీళ్లంటే చచ్చేంత భయం. మోకాలి లోతు దాటి ఏనాడూ దిగిన మనిషి కాదు.

అయినా స్నానాలగదిలో తొట్టి నింపుకుని, గుడ్డలన్నీ ముంచి చూసింది. మోజుపడి కొన్న మఖమల్ కడుపునిండా నీళ్లు తాగి బండరాయిలా అడుక్కి పోయింది. అది తొడుక్కుని పిల్ల పైకి ఈదగలదా అనుకోగానే పిన్ని దాన్ని పైకి లాగి పక్కన పడేసింది. తళుకుల గుడ్డ రంగు వదిలింది. చివరికి పల్చటి తెల్లపట్టు మిగిలింది. పొడిగా ఉంటే కిటికీ తెరకు కూడా పనికిరాదనిపించే గుడ్డ. దాంతోనే గౌను కుట్టింది. అంచు లేచి మొహాన్ని కప్పెయ్యకుండా లోపల సీసపు గుళ్లు పెట్టింది. కంగారు పుడితే ఒక్కసారి లాగితే ఊడొచ్చేలా వీపున నొక్కు బొత్తాలు కుట్టింది.

కొలను దగ్గర ఫోటోగ్రాఫర్, తోడుగా ఉండే ఈతగాడు ముందు దిగారు. తర్వాత పిల్ల మునిగింది. గట్టు మీది పిన్నికి తెల్లటి మసక తప్ప ఏమీ కనిపించలేదు. ఇంత కష్టం బూడిదలో పోసిన పన్నీరేనా అని ఉసూరుమంది.

పిల్ల పైకి తేలి, మెట్ల దగ్గరికొచ్చి చెయ్యి చాపింది.

"పిన్నీ, పైనుంచి తెలీదు. నువ్వు లోపలికొచ్చి చూడాలి."

"నా వల్ల కాదే తల్లీ."

"ఈయన నీ చెయ్యి వదలడులే. రా."

పిన్ని ఈత కళ్లద్దాలు పెట్టుకుని, ఈతగాడి చెయ్యి ఉడుంపట్టు పట్టి, మెట్టు మెట్టూ దిగి, తల ముంచింది.

లోకమంతా నోరు మూసుకున్నట్టయింది. పిల్ల మళ్లీ కిందికి జారింది. ఆమె చుట్టూ పట్టు మెల్లగా విప్పుకుంది. ఒక మడత విచ్చుకునేలోపే ఇంకొకటి దాని వెనక కదిలింది. పిల్ల చెయ్యి తిప్పితే కాస్త ఆగి, ఆలోచించుకున్నట్టుగా, గుడ్డ కూడా తిరిగింది. పైనుంచి వంకర్లు పోతూ దిగిన వెలుగు అందులోంచి దూరి పిల్ల భుజాల మీద ఆడింది. ఇన్నేళ్లుగా పిన్నికి తెలిసిన గుడ్డ ఒంటిని పట్టుకుని వేలాడేది. ఇది దేన్నీ పట్టుకోలేదు. తాను కుట్టిందే అయినా తనది కాదనిపించింది.

ఊపిరి సంగతే మరిచిపోయి, దగ్గుతూ పైకి లేచింది. ఫోటోగ్రాఫర్ కంగారుగా ఏమైందని అడిగాడు. పిన్ని గుండెల నిండా గాలి పీల్చుకుని మళ్లీ తల ముంచింది.

ఫోటోలు అచ్చయ్యాక అందరూ మెచ్చుకున్నారు. పిన్నికి మాత్రం అవి చాల్లేదు. మరుసటి నెలలో, చిన్నపిల్లల పక్కన వరసలో నిలబడి, ఈత నేర్చుకోవడం మొదలుపెట్టింది.