ఖాళీ అని రాసిన వీధి

మున్సిపల్ అధికారి వచ్చి, పడవలు చేసే పెద్దమ్మ తలుపుకి నోటీసు అంటించాడు. ఆమె చేతులకి తారు ఇంకా ఆరలేదు.

"ఇక్కడ షాపులేవీ వాడకంలో లేవని సర్వేలో ఉంది. ఇకమీదట ఇళ్లే ఉండాలి. రేపు సీలేస్తాం," అన్నాడు.

ఊళ్ల మ్యాపులు గీయడం నేర్చుకుంటున్న విద్యార్థులారా, మీకే చెబుతున్నాను, మా నది ఒడ్డు వీధిలో కింద పని, పైన కాపురం. పడవలకి టార్పాలిన్లు కుడుతూ, మిషను తొక్కుతూనే పైన నా బిడ్డ ఏడుపు వింటాను. వీధి చివర బిల్డరు బోర్డు పెట్టాడు: "కింద షాపులు, పైన ఇళ్లు, ఎదురుగా నది." మేం చేస్తే తప్పు, వాడు అమ్మితే అభివృద్ధి!

వాడకంలో లేవని ఎవరు చెప్పారు? సిగ్గు విడిచి చెబుతున్నాను, మేమే. సర్వేవాళ్లు వస్తున్నారంటే చుట్టాలొస్తున్నట్టు హడావిడి పడ్డాం. మిషన్లు ఆపాం, తారు డబ్బాలు దాచాం, వీధంతా కడిగాం. వాళ్లు మా టీ తాగి, శుభ్రంగా ఉందని మెచ్చుకుని, "ఖాళీ" అని రాసుకుపోయారు.

నోటీసు అంటించిన సాయంత్రం, లేత్ మిషను మీద బోల్టులు చేసే బాబాయి షెడ్డులో అందరం చేరాం.

"ఊరవతల షెడ్లిస్తారట. పోదాం. కొండని ఢీకొంటామా?" అన్నాడు బాబాయి.

పెద్దమ్మ గయ్యిమంది. "నా పడవలు నదినొదిలి ఎక్కడికొస్తాయిరా? నీ బోల్టు నా పడవకే, దీని టార్పాలినూ నా పడవకే. విడదీస్తే ముగ్గురం అడుక్కుతినాలి!"

"అయితే ఏం చేద్దామంటావ్?"

"దాచిందంతా బయటపెడదాం."

మర్నాడు అధికారి పోలీసులతో వచ్చేసరికి పెద్దమ్మ పడవ రోడ్డుకడ్డంగా బోర్లించి ఉంది, పక్కన తారు కాగుతోంది. నలభై కుట్టుమిషన్లు వీధిలోకి వచ్చాయి. షట్టర్లన్నీ ఎత్తేశాం. చెవులు చిల్లులు పడేంత మోత.

"ఆపండి! మిషన్లన్నీ ఆపండి!" అరిచాడు అధికారి.

"వాడకంలో లేవన్నారుగా బాబూ, ఏం ఆపమంటారు?" అంది పెద్దమ్మ.

వీధంతా గొల్లున నవ్వింది. కానిస్టేబుల్ కూడా మొహం తిప్పుకుని నవ్వాడు. అధికారికి ఒళ్లు మండింది. పెద్దమ్మని వ్యానెక్కించారు. నాకు ఏడుపొచ్చింది, భయమూ వేసింది. ఆమె మాత్రం తారు కుంచె నా చేతిలో పెట్టి, "తారు చల్లారితే పనికిరాదే, పూయడం కానియ్," అంది.

తారు నేనెప్పుడూ ముట్టలేదు. కుంచె ముంచి పడవకి పూయడం మొదలుపెట్టాను. పోదామన్న బాబాయే వచ్చి రెండో కుంచె అందుకున్నాడు.

వ్యాను కదిలింది. వీధిలో ఒక్క మిషనూ ఆగలేదు.