తడిగోనె

గల్ఫులోని ముసఫ్ఫాలో ఏసీలు బాగుచేసే సనావుల్లాది కడప జిల్లా. బిందెడు నీళ్లకు జుట్లు పట్టుకునే ఊరు. లేబర్ క్యాంపు కిటికీ ఏసీల నీళ్లు రోజంతా కారి ఇసుకపాలవుతుంటే అతని కడుపు మండేది. 2006 ఎండల్లో ఆ నీళ్లను చిల్లుల పైపులోకి మళ్లించి, ఏసీ బయటి నుంచి గాలి పీల్చేచోట కట్టిన గోనెపట్టా మీదికి వదిలాడు. మిషను చల్లబడింది. కరెంటు తగ్గింది.

క్యాంపులో ఒక రివాజుంది. ఒకడు నేర్చిన పని శుక్రవారం నమాజయ్యాక అందరికీ చూపాల్సిందే. సనావుల్లా చూపాడు. నెల తిరిగేసరికి నలభై గదులకు గోనెలు లేచాయి. ఊళ్లో కూతురు ఫైజాకు ఫోన్లో చెప్పాడు, "మీ అబ్బ పేరు సర్కారు కాగితంలో అచ్చయితాది చూడు."

సంగతి కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, చెవిన పడింది. ఆఫీసులో ముదీర్ ఎదుటే కాకినాడ గుమాస్తా రామ్మోహనరావు కాగితం ముందుకు తోశాడు.

"సంతకం పెట్టవయ్యా. కంపెనీ పేటెంటుకి వేస్తోంది."

"నా పేరు యాడుంది సార్?"

"కనిపెట్టింది ముదీర్ అని రాశాం. పేరేం చేసుకుంటావు, ఊరగాయ పెట్టుకుంటావా? నిన్ను సూపర్‌వైజర్ని చేస్తారు. ఇంతకుముందు దీన్ని ఎవరికీ చూపలేదని రాసివ్వు, చాలు."

"చూపిచ్చింటే?"

గుమాస్తా గొంతు తగ్గించాడు. "నలుగురికీ తెలిసిపోయినదానికి పేటెంటు ఇవ్వరు. ముదీర్‌కీ రాదు, రేపు నువ్వేసినా రాదు."

సనావుల్లాకు అర్థమైంది. ఆ శుక్రవారమే తన పేరును తానే పారబోసుకున్నాడన్నమాట!

"ముదీర్‌కు వస్తే మా క్యాంపు గోనెలు?"

"పీకిస్తారు. కావాలంటే కంపెనీ సరుకు కొనుక్కోవాలి."

తెలివి ఒకడిది, ముద్ర ఇంకొకడిది. పైగా దొంగ సాక్ష్యం కూడా తెలివిగలవాడే చెప్పాలట!

"నలభై గదులోళ్లకు చూపిచ్చినా సార్. నమ్మకుంటే పోయి కిటికీలు చూడండి."

గుమాస్తా ఆ మాట అరబ్బీలో చెప్పగానే ముదీర్ కాగితం లాక్కున్నాడు. "ఖలాస్!"

మూడోరోజు సనావుల్లాను ఎడారిలోని వేరే క్యాంపుకు తోలేశారు. బస్సెక్కేటప్పుడు గదిలోని హైదరాబాదు కలీం ఒక్కడే వచ్చాడు. "పేరు పాయె, కుర్సీ పాయె. నీకేం మిగిలింది భయ్యా?"

కొత్త క్యాంపులో ఎరిగిన మొహం లేదు. శుక్రవారం ఫైజా అడిగింది, "కాగితం వచ్చిందా అబ్బా?"

"లేదమ్మా."

ఫోను పెట్టేసి గదికొస్తే, పక్కగది జోగయ్య అతని కిటికీకి గోనె కడుతున్నాడు.

"కొత్తోనివి గద, నేర్చుకో అన్నా. మస్తు సల్లగైతది. ఎవడో పాకిస్తానోడు కనిపెట్టిండట."

సనావుల్లా దగ్గరికెళ్లి పైపు చిల్లులను వేలితో తడిమాడు.

"చిల్లులు కిందికి గాదు, పక్కకు తిప్పు. గోనెంతా తడుస్తాది."

"నీకెట్ల ఎరుక?"

"ముసఫ్ఫాలో చూసినా."

జోగయ్య పైపు తిప్పి, చేతులు దులుపుకుని తన వాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. సనావుల్లా ఒక్కడే నిలబడి, గోనె అంచుదాకా తడిసేవరకు చూశాడు.