వెనక్కి తిరిగిన పెళ్లి

మధ్యాహ్నం మూడింటికి పెళ్లి ఫోటోల్లోని నాలుగు వందల మందీ వెనక్కి తిరిగి నిలబడతారు. కంప్యూటర్ నిండా జడలు, కొప్పులు, బట్టతలలు.

అలిగారేమోలే అనుకుంటాడు జగిత్యాల ఫోటోగ్రాఫర్ రాజలింగం. ఇంతలో పెళ్లికూతురు సౌజన్య గుర్తొస్తుంది. ఆల్బం కోసం ఆమె సాయంత్రం వస్తుంది. పెళ్లయిన తొమ్మిదో రోజున వాళ్ల నాయనమ్మ పోయింది. ఆ ముసలమ్మ నవ్విన ఫోటో లోకంలో ఒక్కటే ఉంది, అదీ ఇందులోనే.

తప్పు తనదేనని అతనికి తెలుసు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొనకుండా, దాన్ని దొడ్డిదారిన తెరిచే యాక్టివేటర్‌ను పొద్దున నెట్‌లోంచి దింపుకున్నాడు. అందులోంచి టై కట్టుకున్న పెద్దమనిషి దిగాడు. ముఖం ఉండాల్సిన చోట నున్నగా ఉంది. "ముందు మీ కాపలావాణ్ణి పంపించెయ్యండి" అన్నాడు మర్యాదగా. అందరూ చేసేదే కదా! గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చునే యాంటీవైరస్ పోశెట్టిని రాజలింగం చాయ్‌కి పంపాడు.

"ఎంతసేపు తాగాలె సారూ?"

"నేను పిలిచేదాక."

పిలవడం మరిచిపోయాడు మహానుభావుడు!

ఇప్పుడా పెద్దమనిషి రాజలింగం కుర్చీలోనే కూర్చుని తాళాలగుత్తి తిప్పుతున్నాడు.

"వాళ్లను ఇటు తిప్పు నాయనా."

"మీ ముఖం ఇస్తే తిప్పుతాను."

"నా ముఖంతోని నీకేం పని?"

"దాన్ని చూసి ఊళ్లో అందరూ తలుపులు తీస్తారు."

నిజమే. కానీ సాయంత్రం దగ్గరపడుతోంది. రాజలింగం కళ్లజోడు తీసినంత తేలిగ్గా ముఖం తీసి ఇచ్చేస్తాడు. నాలుగు వందల మందీ ఇటు తిరుగుతారు. నాయనమ్మ బోసినోటితో నవ్వుతోంది. హమ్మయ్య!

"పోశెట్టీ, ఇగ రా!" అని పెద్దమనిషి రాజలింగం గొంతుతో పిలుస్తాడు.

పోశెట్టి పరుగున వచ్చి ముఖమున్నాయనకు దండం పెడతాడు. లేనాయన్ను చూసి ఉలిక్కిపడతాడు.

"సారూ, ఈడెవడు? ఎట్ల జొరవడ్డడు?"

"నాకూ తెల్వది" అంటాడు పెద్దమనిషి.

రూలు ప్రకారం పోశెట్టి రాజలింగం రెక్క పట్టుకుని, చేతికందిన ఫోల్డర్లో పెట్టి గడియ వేస్తాడు. అది సౌజన్య పెళ్లి. లోపల పూల వాసన, వేడి పూరీలు. ఇరవై ఏళ్లు కెమెరా వెనకే నిలబడ్డ మనిషికి మొదటిసారి భోజనాల బంతిలో కుర్చీ దొరుకుతుంది. ప్రాణం హాయిగా ఉంటుంది.

సాయంత్రం సౌజన్య ఆల్బం తెరిచి కళ్లు తుడుచుకుంటుంది.

"అన్నా, మా బాపమ్మ పక్కన ఎవరు?"

"ఎవరో మీ చుట్టం" అంటాడు రాజలింగం ముఖం.

ఫోటోలో నాయనమ్మ పసుపు గిన్నెలో వేలు ముంచుతోంది. పక్కనున్న నున్నటి ముఖం మీద మెల్లగా ఒక నోరు గీస్తోంది. ముందు నవ్వు గీసి, అందులో లడ్డూ పెడుతోంది.