మెడ ముక్క

సగిన్ బేస్ గిటార్ తీగలు పులుసు గిన్నెలో వేసి ఉడకబెడుతుంటే చూసి, బురుల్‌కి ఒళ్ళు మండిపోయింది.

"ఇంకో గిన్నె దొరకలేదా నీకు? సాయంత్రం అందులోనే కదా నేను పులుసు కాచాలి!"

"కడిగేస్తానే."

"ఆ, కడుగుతావు. మొగుడు వాయిద్యం వండుకునే కొంప బిష్కెక్ ఊరు మొత్తానికి మనదొక్కటే."

కొత్త తీగలు కొనుక్కోరాదూ అని మాత్రం ఆవిడ అనదు. వాటి ధర ఆవిడకీ తెలుసు. పాత తీగలకి చెమటా మురికీ పట్టేసి మోత మొద్దుబారిపోతుంది. అరగంట ఉడకబెట్టి, తుడిచి ఆరబెట్టి మళ్ళీ బిగిస్తే రెండు మూడు విందుల వరకూ ఖణేల్‌మంటాయి. బీదవాడి కిటుకు అది. సగిన్ చేసే పనేమో బట్టలుతికే మిషన్ల మరమ్మతు. రేకు అంచులకి వేళ్ళు తెగడం మామూలే గానీ, శుక్రవారం వచ్చిందంటే తీగలు మీటే కుడిచేతి వేళ్ళు రెండూ గుడ్డ చుట్టి పసిపిల్లల్లా కాపాడుకుంటాడు. శనివారం విందుల్లో వాటితో వాయించాలి కదా మరి!

బండి సగిన్‌ది. పెద్ద స్పీకర్లు రెండూ సగిన్ కొన్నవే. పేరు మాత్రం 'తురాత్ బ్యాండు'. తురాత్ చిన్ననాటి స్నేహితుడు, పాడతాడు, గిటార్ వాయిస్తాడు, బేరాలు కుదురుస్తాడు. వాడి గొంతుకి ఆడాళ్ళు పడిచస్తారని వాడే చెబుతుంటాడు.

"ఒక్కమాటడుగుతా చెప్పు," అంది బురుల్ మసిగుడ్డ విసిరేసి. "వాళ్ళకి కావలసింది నువ్వా, నీ బండా?"

"మళ్ళీ మొదలెట్టావా?"

"ఒకసారి బండి లేకుండా వెళ్ళి చూడు, తెలుస్తుంది. మా అన్న బంగాళాదుంపల లోడుకి రమ్మంటే తీరదు గానీ, వాళ్ళ పెట్టెలు మొయ్యడానికి మాత్రం ముందుంటావు. పెళ్ళికెళ్తూ పిల్లిని చంకనబెట్టుకున్నట్టు, ఆ మంచమంత పెట్టొకటి!"

"పిచ్చిదానా, బేస్ లేకపోతే పాటకి కాళ్ళుండవు. ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోరు. తీసేస్తే తెలుస్తుంది అందరికీ."

"అచ్చం ఈ ఇంట్లో నాలాగ," అంది బురుల్.

సగిన్ గరిటెతో తీగల్ని తిప్పాడు. ఆవిడ నోరు మూయించే సాక్ష్యం ఒకటి ప్రతివారం తెచ్చి చేతిలో పెడుతూనే ఉన్నాడు. విందులో తన ముందు పెట్టిన ఎముకని అక్కడ తినకుండా, సంచిలో చుట్టి ఇంటికి తెస్తాడు. ఎవరైనా చేసేదే అది. విందు మాంసం ఇంటిల్లిపాదీ పంచుకుంటేనే శుభం. సగిన్ సంచిలో ఎప్పుడూ మూలుగ ఎముకే. "చూడవే, వాయించేవాడి వాటా," అని బల్లమీద పెడతాడు. ఆడపిల్లలిద్దరూ మూలుగ కోసం కొట్టుకుంటారు. బురుల్ ఇంకేమీ అనదు. ఎముక అబద్ధమాడదని అందరికీ తెలుసు. తుంటి ఎముక పెద్దాయనకి, మూలుగ ఎముకలు గౌరవించాల్సినవాళ్ళకి, డొక్కలు కుర్రాళ్ళకి, మెడ డ్రైవర్లకీ పనివాళ్ళకీ. ఎవరి ముందు ఏది పెట్టారో చూస్తే వాడు ఆ విందులో ఎవడో తెలిసిపోతుంది.

ఆ శనివారం కొచ్కోర్ అవతల ఒక పల్లెలో, డెబ్భై ఏళ్ళు నిండిన పెద్దాయనకి కొడుకులు చేస్తున్న విందు. ముగ్గురూ తెల్లారకముందే బయల్దేరారు. మూడోవాడు ఎర్నిస్, కీబోర్డ్ వాయించే కుర్రాడు, కిందటి వసంతంలో లాప్‌టాప్ చంకనబెట్టుకుని బ్యాండులో చేరాడు. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు చూడండి, ఆ బాపతు. డ్రమ్ములు వాడి లాప్‌టాప్‌లోనే, వయొలిన్లు అందులోనే. డ్రమ్ములు కొట్టే ముసలి జపార్‌ని చలికాలానికి ముందే "కాస్త విశ్రాంతి తీసుకో" అని సాగనంపేశారు. అప్పుడు సగిన్ ఒక్క ముక్క మాట్లాడలేదు. తన దాకా వస్తుందనుకోలేదు మరి.

విందు జరిగే హాలు మేడమీద. మెట్లు ఇరుకు.

"నాకు నడుం పట్టేసింది బైకె," అన్నాడు ఎర్నిస్, సగిన్ వైపు జాలిగా చూస్తూ. తనకన్నా పెద్దవాళ్ళని బైకె అంటాడు వాడు, అన్నా అన్నట్టు.

"నేను గొంతు కాపాడుకోవాలి," అన్నాడు తురాత్.

గొంతుకీ స్పీకరు మొయ్యడానికీ ఏం సంబంధమో ఆ దేవుడికే తెలియాలి. సగిన్ స్పీకర్లు మోశాడు, బేస్ పెట్టె మోశాడు, వైర్ల చుట్టలు మోశాడు. పైకొచ్చి చూస్తే గోడకి ఒకటే ప్లగ్గు, దానికి టీనీళ్ళు కాచే కరెంటు సమోవార్ తగిలించి ఉంది. వంట చేసే ఆవిణ్ణి బతిమాలి, బామాలి, వంటింట్లోంచి వేరే వైరు లాక్కొచ్చాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అయినా వాయించడం మొదలెట్టాక అదంతా ఎగిరిపోయింది. ఉడికిన తీగలు ఖంగుమంటున్నాయి. హాలు ఆ చివర గోడకి తగిలి తిరిగొచ్చే ఆ నిండైన మోత వింటుంటే వాడి ఛాతీ పొంగింది. ఇందుకోసమేగా ఇంత గాడిద చాకిరీ అనుకున్నాడు.

మధ్యాహ్నం పాట ఆపి, పక్క గదిలో భోజనానికి పిలిచారు. ఇంటివాళ్ళ అల్లుడు, మర్యాదలు చూసే మనిషి, పెద్ద పళ్ళెం పట్టుకొచ్చాడు. తురాత్ ముందు మూలుగ ఎముక పెట్టాడు. ఎర్నిస్ ముందు ఇంకోటి. సగిన్ ముందు మెడ ముక్క పెట్టి, "తీసుకోండి డ్రైవరన్నా, దూరం నుంచి తోలుకొచ్చారు, కడుపునిండా తినండి," అన్నాడు ఎంతో ప్రేమగా.

సగిన్‌కి ముందు అర్థం కాలేదు. "నేను డ్రైవర్ని కాదు తమ్ముడూ. వాయించేవాణ్ణి. మీరు చూడలేదా?"

ఆ మనిషి మొహం ఎర్రబడింది. "తప్పయితే క్షమించండన్నా. ఎవరెవరని అడిగితే మీ పెద్దాయనే..." అని తురాత్ వైపు చూసి, మాట మింగేసి, పళ్ళెం తీసుకుని బయటికెళ్ళిపోయాడు. పెట్టిన ఎముకని వెనక్కి తియ్యకూడదు. అది పెట్టినవాడికీ అవమానమే, అందుకున్నవాడికీ అవమానమే.

"ఎందుకురా అలా చెప్పావు?" అన్నాడు సగిన్.

తురాత్ రొట్టె తుంచుకుంటూ నవ్వాడు. "ఎముకలో ఏముందిరా, మాంసం మాంసమే. మన ముగ్గురికీ రెండే మూలుగలున్నాయన్నారు. ఏం చెప్పమంటావు? కుర్రాడికి మెడ పెడితే అలుగుతాడు. వాడు అలిగి వెళ్ళిపోతే బ్యాండు లేదు."

"నేనలిగితే?"

"నువ్వలగవుగా," అన్నాడు తురాత్, ఎంతో ఆప్యాయంగా, వీపు తట్టి మరీ.

ఎర్నిస్ పళ్ళెంలోకి తల దించేసుకున్నాడు. సగిన్ ఆ మెడ ముక్కని మింగలేక, కక్కలేక, సంచిలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. జేబు వెచ్చగా, జిడ్డుగా తొడకి తగులుతోంది. వాడు అలిగితే బ్యాండు లేదు. మరి నేనలిగితే? ఆ ప్రశ్న దోమలా చెవిదగ్గరే తిరిగింది.

మళ్ళీ వేదికెక్కాక, వైర్లు సరిచేసే నెపంతో మిక్సర్ దగ్గరికి వెళ్ళాడు. ఎప్పుడూ అటు చూడడు, అది ఎర్నిస్ పని. ఎవరి మోత హాల్లోకి ఎంత వెళ్ళాలో దానిమీది మీటలే చెబుతాయి. తురాత్ మీట పైదాకా ఉంది. కీబోర్డ్ మీట పైదాకా ఉంది. తన మీట అడుగున, సున్నా దగ్గర పడుకుని ఉంది. దానిమీద సన్నగా దుమ్ము కూడా పట్టింది.

"ఇదేంటి ఎర్నిస్?"

కుర్రాడు కీబోర్డ్ కేసి చూస్తూ అన్నాడు. "బైకె... లాప్‌టాప్‌లో బేస్ కూడా ఉంటుంది. రెండూ కలిస్తే రొదగా ఉందని... తురాత్ బైకె తగ్గించెయ్యమన్నాడు. మీతో తనే చెబుతానన్నాడు."

"ఎప్పట్నుంచి?"

"నేనొచ్చినప్పట్నుంచీ."

పక్కనున్న తన బేస్ స్పీకరు పెట్టెలోంచి తన మోత తనకి వినపడుతూనే ఉంది, అందుకే అనుమానం రాలేదు. హాల్లోకి వెళ్ళింది మాత్రం మిషను. పొద్దున ఆ చివరి గోడకి తగిలి తిరిగొచ్చిన మోత తనది కాదు. దాన్ని విని పొంగిపోయాడు, వెర్రి వెధవ! వసంతం నుంచీ ఎన్ని విందుల్లో ఇలా మురిసిపోయాడో తలుచుకుంటే వాడి చెవులు సిగ్గుతో కాలిపోయాయి. ఎన్నిసార్లు ఉడకబెట్టాడు ఆ తీగల్ని! ఎన్నిసార్లు తిట్లు తిన్నాడు ఆ గిన్నె గురించి!

తురాత్ పాట ఎత్తుకున్నాడు. కోడళ్ళూ, మనవలూ, పెద్దాయన చెల్లెళ్ళూ అందరూ ఆటకి లేచారు. సగిన్ వంగి, గిటార్‌లోంచి వైరు పీకేశాడు. ఊడిన కొనని బూటు పక్కన, అందరికీ కనపడేలా పడేశాడు. ఎవరో ఒకరు తలెత్తి చూస్తారనుకున్నాడు. పాటకి కాళ్ళు విరిగి కూలబడుతుందనుకున్నాడు. పాట హాయిగా నడిచింది. వేళ్ళు ఆడిస్తూ అలా ఆ విందంతా నిలబడ్డాడు. ముందు వరసలో ఒక ముసలమ్మ వాడికేసి చూసి, బాగా వాయిస్తున్నావు నాయనా అన్నట్టు తలాడించింది కూడా. వాడికి అక్కడే కూర్చుని ఏడవాలనిపించింది. పెద్దాయన పండగని పాడుచెయ్యకూడదని పళ్ళు బిగబట్టి ఆడించాడు వేళ్ళు.

అంతా అయ్యాక స్పీకర్లు దింపింది మళ్ళీ సగినే. బండి కదిలాక తురాత్ కాళ్ళు చాపుకుని, "ఇవాళ ఇరగదీశావురా సగిన్! ఆ తీగలు ఉడకబెట్టావా ఏంటి? భలే మోగింది," అన్నాడు.

వెనక ఎర్నిస్ దగ్గాడు. సగిన్ గేరు మార్చాడు. బిష్కెక్ చేరేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. తురాత్‌కి అదీ తెలియలేదు, నోరు తెరుచుకుని నిద్రపోయాడు.

మర్నాడు పొద్దున ఆడపిల్లలు సంచి చుట్టూ మూగారు. బురుల్ ముడి విప్పింది. మెడ ముక్కని చూసింది. మొగుడి మొహం చూసింది. సగిన్ సిద్ధంగానే ఉన్నాడు. చెప్పానా లేదా అంటుంది, డ్రైవరు దొరగారు వచ్చారర్రా అంటుంది, అననీ అనుకున్నాడు. అంటే తనూ రెండు తిట్టి, తలుపు దబాలున వేసి, కాస్త గుండెబరువు దించుకోవచ్చు.

"మూలుగేదమ్మా?" అంది చిన్నది.

"ఈసారి మీ నాన్నే మెడ అడిగి తెచ్చాడే. పులుసుకి మెడే రుచి," అంది బురుల్. ఆ గిన్నెలోనే నీళ్ళు పోసి, ముక్క అందులో వేసి, వాడికి వీపు తిప్పి ఉల్లిపాయలు తరిగింది. అన్నేళ్ళు ఎత్తిపొడిచిన మనిషి ఆ పూట ఒక్క మాట అనలేదు. సగిన్‌కి మెడ ముక్కకన్నా అదే ఎక్కువ బాధనిపించింది. తన పులుసు చిన్నదాని గిన్నెలో వంపేశాడు.

వారం గడిచింది. శనివారం తోక్‌మోక్‌లో పెళ్ళి. బయల్దేరే వేళకి సగిన్ మంచంమీదనుంచి లేవకుండా ఫోన్ తీశాడు.

"తురాత్, ఒంట్లో బాగోలేదురా. రాలేను."

అన్నాడే గానీ, ఊపిరి బిగబట్టుకున్నాడు. నువ్వు లేకపోతే ఎలారా అంటే చాలు. ఉత్తినే అన్నా చాలు, మర్యాదకన్నా చాలు. ఆ ఒక్క మాటకి లేచి చొక్కా తొడుక్కుని, మెడనీ మీటనీ అన్నీ మరిచిపోయేవాడు. గుమ్మంలో నిలబడ్డ బురుల్‌కి కూడా అది తెలిసినట్టే ఉంది.

"అయ్యో! జ్వరమా? పడుకో పడుకో, ఒళ్ళు జాగ్రత్త," అన్నాడు తురాత్. "ఏం పర్లేదు, మేం లాగించేస్తాం. ఎర్నిస్‌ని పంపుతున్నా, తాళాలు ఇచ్చెయ్. స్పీకర్లు బండిలోనే ఉన్నాయిగా?"

ఆ మాటలు గుమ్మందాకా వినపడ్డాయి. బురుల్ వచ్చి చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"బండికి కూడా జ్వరమే తురాత్. ఇద్దరికీ ఒకేసారి పట్టుకుంది. స్పీకర్లకి కూడా ఒళ్ళు వెచ్చగా ఉంది, ముట్టుకోకండి, అంటుకుంటుంది," అని పెట్టేసింది.

సగిన్ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. ఇద్దరూ ఫోన్‌ని చూస్తూ కూర్చున్నారు. ఇప్పుడు పరుగెత్తుకొస్తాడు చూడు అంది బురుల్. టీ పోసింది. టీ చల్లారకముందే ఎర్నిస్ దగ్గర్నుంచి మెసేజీ వచ్చింది.

"ఏమంటున్నాడు?"

"కంగారుపడొద్దంటున్నాడు. ఎవరిదో బండి దొరికిందట. స్పీకర్లు అద్దెకి తెచ్చుకున్నారట."

"మరి బేస్ వాయించడానికి?"

సగిన్ మెసేజీ ఇంకోసారి పైనుంచి కిందిదాకా చదివాడు.

"దానికెవర్నీ వెతకలేదులే," అన్నాడు.