పడమటి కిటికీకి ఒక టుపెలో

మేపుల్ కొమ్మకి తీగ చుట్టి, ఆ చుట్టులో రెండు వేళ్లు దూర్చి చూసుకున్నాడు ఓరిన్ టటిల్. వేళ్లు సులువుగా ఆడాయి. బిగించి కడితే కొమ్మ లావెక్కేకొద్దీ తీగ బెరడులోకి దిగబడిపోతుంది. ముప్పై నాలుగేళ్లలో అతను కట్టిన ఏ ట్యాగూ ఏ చెట్టునీ కోయలేదు. నర్సరీలో తనకున్న ఒకే ఒక గొప్ప అదేనని అతని అభిప్రాయం.

ట్యాగంటే వేలెడు పొడవు అల్యూమినియం రేకు. బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే సిరా చెరిగినా అక్షరాల గాట్లు మిగులుతాయి. వెర్మాంట్ రాష్ట్రంలో తెలిసినవాళ్లు చెట్టుని అక్టోబరులోనే ఎంచుకుంటారు. ఒకే గుప్పెడు విత్తనాల్లోంచి మొలిచినా ఒకటి నిప్పులా ఎర్రబడుతుంది, దాని పక్కది వెలిసిన పసుపు దగ్గరే ఆగిపోతుంది. అందుకని రాలేముందు ఆకులు రంగు తిరిగినప్పుడు కళ్లారా చూసుకుని, నచ్చినదానికి పేరు కట్టించుకుని వెళ్లి, మంచు కరిగాక ఏప్రిల్‌లో తవ్వించుకుంటారు. పేరు కట్టిన చెట్టుని మళ్లీ ఎవరూ అడగరు. నర్సరీ యజమానురాలు జోడీ కూడా అడగదు.

పేరు కింద ఓరిన్ మరో మాట కూడా రాస్తాడు. వంటగది, తూర్పు. మెట్ల కిటికీ, దక్షిణం. ఎవరొచ్చినా ముందు "ఏ కిటికీలోంచి చూస్తారండీ?" అని అడుగుతాడు. తెల్లమొహం వేసినవాళ్లని ఇంటికి పంపేస్తాడు, కిటికీ దగ్గర కాసేపు నిలబడి రమ్మని.

"చెట్టు అడిగితే ఇంటి ప్లాను అడుగుతావేంటి బాబాయ్! వచ్చిన బేరాలన్నీ నువ్వే తరిమేసేలా ఉన్నావు," అని జోడీ వేళాకోళం చేస్తుంది. వాళ్ల నాన్న నర్సరీ నడిపే రోజుల్లో ఈ వరసల మధ్యే పాకిన పిల్ల. ఇప్పుడు యాభైకి దగ్గరపడినా ఆ చనువు పోలేదు.

ఓరిన్ పొడుగు మనిషి, నడుం దగ్గర కాస్త వంగాడు. పార పట్టీ పట్టీ ఎడమ భుజం కుడిదానికంటే దిగింది. టోపీ కింద చెవులు ఏడాది పొడవునా ఎర్రగానే ఉంటాయి. అరవై తొమ్మిదేళ్లు. కలప మిల్లు మూతపడ్డాక నర్సరీకి వచ్చాడు. పెళ్లి మాట ఒకసారి వచ్చింది, ఎలా వచ్చిందో అలాగే పోయింది. ఊళ్లో లాండ్రీ దుకాణం పైనున్న రెండు గదుల్లో ఒంటరిగా ఉంటాడు. ఏ పెరట్లోకి ఏది నప్పుతుందో అతన్ని మించి తెలిసినవాళ్లు లేరు. ఎర్రటి చెట్టు వెనక ముదురాకుపచ్చ స్ప్రూస్ ఉంటేనే ఆ ఎరుపు పైకి తేలుతుందనీ, కాయలూ ఎర్రటి ఆకులూ రెండూ కావాలంటే బ్లూబెర్రీ పొద చాలనీ, ఆకులన్నీ రాలాక కూడా విచ్‌హేజెల్ పసుపుగా పూస్తుందనీ చెబుతాడు. కానీ ఆ పెరళ్లు రంగులోకి వచ్చే అక్టోబరులో అతనికి పనితో ఊపిరాడదు. నాటడానికి వెళ్లేది ఏప్రిల్‌లో, మోడు కొమ్మలతో. ఏ కిటికీ కోసం ఎంచాడో ఆ కిటికీ లోపల ఒక్కసారీ నిలబడలేదు. రమ్మని ఎవరూ అనలేదు. అతను ఎదురుచూడలేదని కాదు.

మధ్యాహ్నం ట్రక్కు మెట్టు మీద కూర్చుని, చల్లారిన చిక్కుడుగింజలు పెట్టుకొచ్చిన రొట్టె తింటున్నాడు. ఇంతలో ఆల్తియా బ్రిగమ్ వచ్చింది. పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు ఉత్తరాలు సర్ది రిటైరైన మనిషి. ఊళ్లో ఎవరి చిరునామా అయినా నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

"కిటికీ అడుగుతారని తెలిసే వచ్చా," అంది నవ్వుతూ. "వంటగది. గిన్నెలు తోమేచోట. తూర్పు. ఇక చూపిస్తారా?"

సగం రొట్టె కాగితంలో చుట్టి లేచాడు. ఇద్దరూ టుపెలో అనే చెట్ల వరస వెంట నడిచారు. నిగనిగలాడే ఆకులు చెర్రీపండు ఎరుపులోకి తిరిగాయి.

"మీరుండేది లాండ్రీ మీద కదూ?" అంది ఆల్తియా నడుస్తూనే. "మీ కిటికీలోంచి ఏం కనబడుతుంది మరి?"

ముప్పై నాలుగేళ్లుగా తను అందర్నీ అడిగిన ప్రశ్న. తిరిగి తనని అడిగినవాళ్లు లేరు.

"కార్లు," అన్నాడు ఓరిన్. "లాండ్రీకొచ్చేవాళ్లవి."

"అయ్యో," అంది ఆమె. అని వరస చివరి చెట్టు దగ్గర ఆగిపోయింది. ఇద్దరు మనుషుల ఎత్తు. కింది కొమ్మ నుంచి కొస దాకా ఒక్క ఆకూ వెలవెలబోలేదు. వెనక నుంచి ఎండ పడి చెట్టంతా లోపల దీపం పెట్టినట్టుంది.

"ఇదే. దీనికి కట్టేయండి నా పేరు."

"అది అయిపోయిందండీ."

ఆ మాట అన్నాక గానీ అన్నానని తెలియలేదు అతనికి.

"ట్యాగు లేదే?"

"ఇంకా కట్టలేదు."

"ఎవరికి?"

"ఒకాయనకి."

"ఏ కిటికీ?" అని అడిగింది ఆల్తియా, అతన్ని అనుకరిస్తూ.

"పడమర," అన్నాడు ఓరిన్. అతని చెవులు ఇంకా ఎర్రబడ్డాయి.

ఆమె మొహం చిన్నబోయింది కానీ వాదించలేదు. పక్క చెట్టు ఎంచుకుంది. అదీ మంచిదే, ఆ చివరిదానంత కాదు. ఆమె కారు గేటు దాటేదాకా ఓరిన్ అక్కడే నిలబడ్డాడు. జీవితంలో తనకంటూ ఒకటి అట్టే పెట్టుకున్నది ఇదే మొదలు. దానికోసం అబద్ధమాడాడు, అదీ మంచి మనిషితో. సిగ్గేసింది. అయినా జేబులోంచి రేకు తీసి, మోకాలి మీద పెట్టుకుని, తన పేరు రాశాడు. కింద రాశాడు: పడకగది, పడమర. తీగ చుట్టి, రెండు వేళ్లు దూర్చి చూసుకున్నాడు.

ఎడమ భుజం పట్టేసినట్టుంటే నేరం పార మీద పడేశాడు.

ఇప్పుడిక ఆ చెట్టుకి చోటు కావాలి. పని అయ్యాక నేరుగా లాండ్రీకి వెళ్లాడు. ఆ భవనం సొంతదారు గాన్యే మొరాయించిన ఉతికే మెషీను వెనక పడుకుని ఏదో బిగిస్తున్నాడు. ఓరిన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని విషయం చెప్పాడు.

"ఊరందరికీ చెట్లు నాటడం అయిపోయి ఇప్పుడు నా పార్కింగు మీద పడ్డావా?" అన్నాడు గాన్యే కిందనుంచే. "చలికాలంలో మంచు తోసే బండి ఎక్కడ తిప్పాలి, నీ నెత్తిమీదా?"

"కంచె పక్క మూల. బండి అక్కడి దాకా రాదు, నేను కొలిచాను. ఆరడుగుల తారు తీస్తే చాలు. మంచు కరగడానికి చల్లే ఉప్పుకి కూడా టుపెలో ఓర్చుకుంటుంది."

"ఇరవై తొమ్మిదేళ్లలో నువ్వు నన్నేదీ అడగలేదు కదూ?" గాన్యే లేచి కూర్చున్నాడు. "కుళాయి కారినా నువ్వే బిగించుకున్నావు."

"లేదు."

"సరే పో. ఏప్రిల్‌లో తవ్వుకో. తారు మాత్రం నువ్వే కొట్టాలి, నా నడుం పోయింది."

ఓరిన్ మెట్లు ఎక్కాడు. సగంలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకున్నాడు. గదిలోకి వెళ్లి కుర్చీని పడమటి కిటికీ దగ్గరికి జరిపాడు. కింద మూడు కార్లు, కంచె, కంచె మీద వాలుతున్న ఎండ. అక్కడ చెట్టుంటే ఈవేళకి ఎండ ఆకుల్లోంచి దూరి గోడ మీద పడుతుంది. మిగిలిన సగం రొట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మనసు తేలిగ్గా ఉంది. ఈ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పాలో మాత్రం తోచలేదు. రేపు ఆల్తియా బ్రిగమ్‌కి నిజం చెప్పేద్దామనుకున్నాడు.

మర్నాడు పనికి రాలేదు. ముప్పై నాలుగేళ్లలో మొదటిసారి కాబట్టి పది గంటలకే జోడీ వచ్చి తలుపు తట్టి, పలకకపోతే తోసుకుని వెళ్లింది. ఓరిన్ కుర్చీలోనే ఉన్నాడు, మొహం కిటికీ వైపు. ఒళ్లు చల్లబడిపోయింది. రొట్టె కాగితం విప్పలేదు.

ఏప్రిల్‌లో ఆల్తియా తన చెట్టు కోసం వచ్చింది. ఆకుల్లేక వరసంతా ఒకేలా ఉంది. తవ్వేవాళ్లు పార దించుతుంటే ఆమె వరస చివరి చెట్టు ట్యాగు తిప్పి చదివింది.

"తీసుకోండమ్మా," అంది జోడీ. "మీరు ముందు ముచ్చటపడింది అదేనన్నారుగా. ఇక దానికోసం వచ్చేవాళ్లెవరూ లేరు."

"ఈ పేరుకి ముప్పై ఏళ్లలో విత్తనాల కేటలాగులు తప్ప ఒక్క ఉత్తరం రాలేదు జోడీ," అంది ఆల్తియా. "ఇదిగో, పేరుంది, చిరునామా ఉంది. ఇంకొకరికి చేరాల్సింది నేను పట్టుకుపోనా?"

తన చెట్టునే ట్రక్కు మీద వేయించుకుని వెళ్లిపోయింది. జోడీ ఇంకాసేపు నిలబడి, కొమ్మకున్న తీగ చుట్టులో వేళ్లు పెట్టి చూసింది. రేకు మీద సిరా పోయి గాట్లు మిగిలాయి, తీగలో రెండు వేళ్ల సందు ఇంకా అలాగే ఉంది.