రాణిగారి మేనమామ

"ఛీ, నానమ్మా! ఈ స్పెయిన్ రాణి సొంత మేనమామనే పెళ్లి చేసుకుంది, సోచో! క్లాసంతా ఒకటే నవ్వు," అంది ఛాయ, హిస్టరీ పుస్తకం చూపిస్తూ. భిలాయిలో పుట్టిన పిల్ల, స్నేహితులంతా హిందీవాళ్లే.

"నువ్వూ నవ్వేవేటి?" అంది సత్యవాణి, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

"నవ్వనా మరి? మామ అంటే నాన్నలాంటివాడు కదా!"

సత్యవాణి తలొంచుకుని ఇంకో చిక్కుడుకాయ అందుకుంది. పదహారేళ్లప్పుడు విజయనగరంలో ఆమె మెడలో తాళి కట్టి, ఈ భిలాయి సెక్టర్ ఏడుకి తీసుకొచ్చిన నూకరాజు ఆమె తల్లికి స్వయానా తమ్ముడు.

అంతలో ఆయన వరండాలోంచి మంచినీళ్లడిగాడు. యాభై ఏళ్లుగా "తెస్తన్నాను మావా" అంటూ లేచే మనిషి, మొదటిసారి "తెస్తన్నానండీ" అంది.

నూకరాజు కంగారుగా లోపలికి తొంగిచూశాడు.

"ఎవరొచ్చేరే?"