కొయ్యచేపకు నకలు

దేవదారు పొట్టు వాసన.

తడిసిన దేవదారు కాదు. బాగా ఎండిన దేవదారు. ఉలి తగలగానే, లోపల దాచుకున్న ఎండనంతా ఒక్కసారి వదిలేసే దేవదారు.

ఆ వాసన షెడ్డులోంచి ఇంట్లోకి వచ్చేది. ఇంట్లోంచి అతని చొక్కాల్లోకి, చొక్కాల్లోంచి ఆమె దిండులోకి... నలభై ఒక్క ఏళ్ళు అలా వస్తూనే ఉండేది.

పోయిన నవంబరులో ఆగిపోయింది.

సరస్సు ఇంకా గడ్డకట్టలేదు. డెల్మార్ కుడివైపు గడ్డకట్టింది.

కుడి చెయ్యి. కుడి కాలు. పెదవి కుడి కొస. మాటలన్నీ పోయాయి — ఒక్కటి తప్ప.

"కాదు."

సూప్ తాగుతావా? కాదు. స్నానం చేద్దామా? కాదు. కిటికీ తెరవనా? కాదు — తెరిస్తే మాత్రం కళ్ళు నవ్వేవి. పడుకోబోయే ముందు భార్య ఆర్డిస్ చెంప మీద ఎడమ అరచెయ్యి ఆనించి, మెల్లగా... కాదు.

అది మాట కాదమ్మా, గొంతులో మిగిలిపోయిన చప్పుడు, అన్నాడు డాక్టరు. ఆర్డిస్ నమ్మింది.

అలసిపోయినవాళ్ళు చెప్పిందల్లా తొందరగా నమ్ముతారు.

*

మా విస్కాన్సిన్ ఉత్తరాన సరస్సులకి లెక్క లేదు. వాటి అడుగున మస్కీ ఉంటుంది. మనిషి కాలంత చేప, మొసలి నోరు. దానికి ఆకలి తక్కువ, కోపం ఎక్కువ. దాన్ని పైకి రప్పించాలంటే ఎర సరిపోదు. రెచ్చగొట్టాలి.

డెల్మార్ చెక్కి గాలాలు కట్టే కొయ్యచేపలు రెచ్చగొట్టేవి.

పొగమంచులో పడవ మీంచి విసిరి, గాలపు కర్రతో చిన్నగా తడితే... ఎడమకి. కుడికి. ఎడమకి. కుడికి. ఏ తొందరా లేకుండా, ఎవరినీ లెక్కచెయ్యకుండా, నీటి మీద నడుచుకుంటూ వచ్చేవి. మేం వాటిని డెల్మార్ నడకలు అనేవాళ్ళం. కొయ్యని గిరగిరా తిప్పే లేత్ మీద ఒక్కొక్కటీ కంటి అంచనాతో చెక్కేవాడు. కొలతలు కాగితం మీద పెట్టినవాడు కాదు. అన్నీ కుడి చేతిలోనే ఉండేవి.

ఆ కుడి చెయ్యి ఇప్పుడు ఒళ్ళో పడి ఉంది. ఎవరో మర్చిపోయి వదిలేసిన చేతితొడుగులా.

మే నెలలో మంచు కరిగిపోయాక ఒక ఉదయం, ఆర్డిస్ బట్టలు ఆరేస్తుంటే, షెడ్డులో లేత్ మోగింది. పరిగెత్తింది. ఎడమ చేత్తో ఉలి పట్టుకుని నిలబడ్డాడు డెల్మార్. ఆమె కేక వేసేలోపే ఉలి ఇరుక్కుంది. కొయ్య ఎగిరింది. అతని చెంప చీలింది.

తొమ్మిది కుట్లు.

ఆ రోజే షెడ్డుకి తాళం వేసింది.

ఆ రోజు నుంచే అతను సరిగ్గా తినడం మానేశాడు.

చెంచా నోటి దాకా వెళ్ళేది, వెనక్కి వచ్చేది. జూన్ అంతా వెళ్ళింది, వచ్చింది. చొక్కా లోపల మనిషి తగ్గిపోతున్నాడు. ఆర్డిస్ అతన్ని లేపేది, కడిగేది, తుడిచేది, కూర్చోబెట్టేది. మళ్ళీ లేపేది. నడుము తనదో వేరేవాళ్ళదో తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం, పొయ్యి ముందు నిలబడి ఉండగా — తాళాలు గుర్తొచ్చాయి.

ఊళ్ళో ఇనప సామాన్ల కొట్టులో పంతొమ్మిదేళ్ళు పని చేసింది ఆర్డిస్. తాళంచెవులకి నకళ్ళు తీసేది ఆమే. పాత చెవి ఒక పక్క, కొత్త రేకు ఒక పక్క. పాతదాన్ని ఒక మొన తడుముతూ పోతుంటే కొత్తదాన్ని చక్రం కోస్తూ పోతుంది. ఊళ్ళో సగం తలుపులు ఆమె చేతి మీదుగా తెరుచుకున్నవే.

చేతికి పనితనం అక్కర్లేదు. పట్టుకుని నడిపితే చాలు.

ఒక్క చెయ్యయినా చాలు.

*

వాడని గదిలో ఇనప మంచం విప్పింది. దాని పక్క కమ్మీలు పట్టాలయ్యాయి. వంటగది సొరుగులు బయటకి లాగి వాటి కింది జారుడు బద్దలు పీకింది. చెంచాలన్నీ బల్ల మీద కుప్పగా పడ్డాయి. వాటిని అక్కడే ఉండనిచ్చింది.

పక్క రేవు నార్బర్ట్ తొంగిచూశాడు. డెల్మార్‌తో ముప్ఫై ఏళ్ళు ఒకే పడవలో కూర్చున్న మనిషి.

"ఏం ఆర్డిస్, మంచం విప్పేశావట? మరి పడుకునేదెక్కడ?"

"పడుకునే తీరికున్నవాళ్ళు అడగాలి ఆ మాట. ఆ బోల్టు ఇలా ఇయ్యి."

నార్బర్ట్ నవ్వబోయి, ఆమె కళ్ళ కింద నలుపు చూసి, బోల్టు అందించాడు.

షెడ్డు తాళం తీసింది. లేత్ ముందు ప్లైవుడ్ బల్ల. బల్ల మీద పట్టాలు. పట్టాల మీద అటూ ఇటూ, ముందుకీ వెనక్కీ జారే ఇనప పలక. పలకకి నడపడానికి ఒక పిడి, రెండు మొనలు. ఒకటి, పాత చేపని తడిమేది — ఆరంగుళాల మేకు. రెండోది, కొత్త కొయ్యని కోసేది — విరిగిన ఆకురాయి ముక్కని సానపట్టి చేసింది. ఒకటి ఎక్కడికి పోతే రెండోదీ అక్కడికే.

మొదటి నకలు బంగాళాదుంపలా వచ్చింది.

మేకు మొన లావు, కోసే మొన సన్నం. పల్లాల్లోకి మేకు దిగలేదు. తడిమేది ఎంత గుండ్రమో, కోసేదీ అంతే గుండ్రం ఉండాలని తెలియడానికి పదకొండు రోజులు పట్టింది, బొటనవేలి గోరు ఒకటి పోయింది.

నకలు తియ్యడానికి ఒక మూలం కావాలి కదా. పాతవన్నీ ఎవరెవరి పెట్టెల్లోకో వెళ్ళిపోయాయి. లేత్ పక్కన ఒక్కటే మిగిలింది. రంగు వెయ్యనిది, గాలం కట్టనిది. డెల్మార్ చేసిన ఆఖరిది.

దాన్నే మళ్ళీ బిగించి, అతన్ని తీసుకొచ్చి చూపించింది.

"కాదు," అన్నాడు.

"బాగుంది కదూ?"

"కాదు. కాదు. కాదు!" ఎడమ చెయ్యి గాలిలో కొట్టుకుంది.

యంత్రం నచ్చలేదనుకుంది ఆర్డిస్. తన పనికి యంత్రమేంటని ఉక్రోషం అనుకుంది. అతను మొహం తిప్పుకున్నాడు. పిడి ముట్టుకోనైనా లేదు.

ఆమె కుర్చీ సరస్సు వైపు తిప్పి కూర్చోబెట్టి, తనే పిడి పట్టుకుంది.

పన్నెండు తీసింది. పన్నెండూ ఒకేలా ఉన్నాయి. ఒకే తల, ఒకే పొట్ట, ఒకే తోక. జుట్టంతా పొట్టు. చాలా నెలల తర్వాత దిండుకి మళ్ళీ ఆ వాసన.

నార్బర్ట్ వాటికి గాలాలు కట్టుకుని సరస్సు మీదకి వెళ్ళాడు.

నాలుగు రోజులు కనపడలేదు. అయిదో రోజు టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు.

"చెప్పకపోతే ఎలా ఆర్డిస్... నడవట్లేదు. నీళ్ళలో పడగానే తోక దించేసి నిటారుగా నిలబడుతున్నాయి. తాగినోడు గోడకానుకున్నట్టు. పన్నెండూ అంతే."

"గాలాల బరువేమో?"

"మార్చి చూశాను. చిన్నవి కట్టాను. ఒకటైతే అసలు కట్టకుండా కూడా లాగాను. ప్రాణం లేదు వాటిలో."

ఆర్డిస్ యంత్రం మొత్తం విప్పింది. ప్రతి నట్టూ. మళ్ళీ కట్టింది. పదమూడోది తీసి, గాలాలు తగిలించి, స్నానాల తొట్టిలో వేసింది.

అదీ నిలబడింది.

తొట్టి అంచు మీద కూర్చుని దాన్నే చూస్తూ ఉండిపోయింది. నీళ్ళు చల్లారిపోయాయి. పక్క గదిలో అతన్ని లేపాల్సిన వేళ దాటిపోయింది.

*

అక్టోబరు చివర్లో నార్బర్ట్ తన పాత డెల్మార్ నడక ఒకటి తెచ్చాడు. ఏడేళ్ళ నాటిది. ఒళ్ళంతా పంటి గాట్లు.

"చూసి ఇచ్చెయ్యి. దీన్ని కరిచిన చేపలన్ని లేరు, నన్ను పలకరించిన మనుషులు."

దాన్నీ, డెల్మార్ ఆఖరి చేపనీ కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టింది. కంటికి ఏమీ తేడా లేదు. కుట్టుదారం తెంపి, తల దగ్గర చుట్టి చూసింది. ఒకటే. పొట్ట దగ్గర చుట్టింది. ఒకటే.

తోక దగ్గర చుట్టింది.

దారం మిగిలిపోయింది.

మళ్ళీ చుట్టింది. మళ్ళీ మిగిలింది. ఆఖరి చేప తోక దగ్గర సన్నం. అక్కడ ఉలి లోపలికి దిగింది. దిగిన చోటు తెలియకుండా ఎవరో ఓపిగ్గా, చాలా ఓపిగ్గా గరుకు కాగితంతో రుద్ది నునుపు చేశారు.

కొట్టులో నకలు తాళానికి పట్టలేదని ఎవరైనా తిరిగొస్తే, ఆర్డిస్ ముందు వాళ్ళ పాత తాళంచెవినే అడిగి చూసేది. అరిగింది ఎప్పుడూ అదే.

ఆ చేప అతను పోయినేడు సెప్టెంబరులో చేశాడు. పక్షవాతంతో పడిపోయింది నవంబరులో.

దాన్ని తీసుకెళ్ళి డెల్మార్ ఒళ్ళో పెట్టింది. తోక మీద వేలు పెట్టింది.

"చెయ్యి జారింది కదూ? అప్పుడే."

ఈసారి అతను ఆ మాట అనలేదు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకుని ఊపాడు — చిన్నగా, వణుకులా. ఆగాడు. మళ్ళీ ఊపాడు. ఆమె కళ్ళలోకి చూడలేదు.

"నీకు తెలుసు." ఆర్డిస్ గొంతు తనకే కొత్తగా వినిపించింది. "రెండు నెలల ముందే తెలుసు. నాతో ఒక్క ముక్క అనలేదు! చెప్తే ఆస్పత్రికి లాక్కుపోతానని కదూ? చేపల కాలం పాడైపోతుందని కదూ? లాక్కుపోయేదాన్నే! జుట్టు లేకపోతే ఏం, చెవి పట్టుకుని లాక్కుపోయేదాన్ని!"

అతను మణికట్టు వదిలేశాడు.

"ఈ వేసవంతా నేను పిచ్చిదానిలా... నువ్వు కాదు కాదని మొత్తుకుంటూనే ఉన్నావు..."

అక్కడ ఆమె మాట తెగిపోయింది.

మొత్తుకుంటూనే ఉన్నాడు. యంత్రం ముందు ఆ ఒక్కసారి — అది చప్పుడు కాదు. మాటే.

షెడ్డుకి వెళ్ళి, ఆఖరి చేపని బల్ల మీద విసిరేసి, నార్బర్ట్ చేపని యంత్రానికి బిగించింది. అలా బిగించి అక్కడ ఉండలేక రేవు చెక్కల మీదకి పోయి కూర్చుంది. బాతులు దక్షిణానికి పోతున్నాయి. ఒడ్డున నీటికి అప్పుడే పలచటి మీగడ కడుతోంది. ఏడుద్దామనుకుంది, రాలేదు. అరుద్దామనుకుంది. కోపానికి కూడా ఓపిక ఉండాలి. అది అయిపోయింది.

పొయ్యి మీద సూప్ పెట్టి వచ్చానని గుర్తొచ్చింది. లేచింది.

షెడ్డు తలుపు తెరిచే ఉంది. లోపల చేతికర్ర ఆనించుకుని డెల్మార్.

నార్బర్ట్ చేప బల్ల మీద ఉంది. యంత్రంలో మళ్ళీ ఆ ఆఖరి చేపే. ఒక్క చేత్తో ఒక మర బిగించాడు. రెండోది సగంలో ఆగిపోయింది. చెమటలు కక్కుతున్నాడు.

ఆర్డిస్ దగ్గరికి వెళ్ళింది. ఈసారి నిజంగా అడిగింది. అడిగి, ఆగింది.

"దీన్నా?"

అతను తల ఊపాడు.

"ఇది తప్పు కదా."

మళ్ళీ ఊపాడు.

రెండో మర బిగించింది. కొత్త దేవదారు ముక్క ఎక్కించింది. స్విచ్ వేసింది. అతని ఎడమ చేతిని పిడి మీద పెట్టి, తను వెనక నిలబడి నడుము పట్టుకుంది, పడిపోకుండా.

పలక కదిలింది.

తల దగ్గర మొన పాత చేపని తడుముతూ వెళ్ళింది. పొట్ట దగ్గర తడుముతూ వెళ్ళింది. పొట్టు లేస్తోంది. తోక దగ్గరికి వస్తోంది... వస్తోంది...

డెల్మార్ చెయ్యి పిడిని వెనక్కి లాగింది.

వెంట్రుకవాసి. మొన చేపని వదిలేసింది. మొనకీ చేపకీ మధ్య సన్నటి సందు. ఆ సందులోంచి కిటికీ వెలుతురు. ఎక్కడైతే ఉలి జారిందో అక్కడ అతను గాలిని తడుముతున్నాడు — లేని చేపని, ఉండాల్సిన చేపని.

మొదటిది వంకర. రెండోది చీలిపోయింది. మూడోది తియ్యడానికి నాలుగు రోజులు పట్టింది. ప్రతి రోజూ పని అయ్యాక అతను రెండు గిన్నెల సూప్ తాగాడు.

మూడోది తొట్టిలో వేస్తే, తోక కొంచెమే దించి, పడుకుంది.

నడుస్తుందో లేదో తొట్టి చెప్పదు. సరస్సు చెప్పాలి.

ఆ వారమే సరస్సు గడ్డకట్టేసింది.

*

"ఏప్రిల్ దాకా ఆగాల్సిందే," అంది ఆర్డిస్.

నార్బర్ట్ డెల్మార్ వంక చూశాడు. డెల్మార్ కిటికీ వంక చూస్తున్నాడు. ఏప్రిల్ అన్న మాట ముగ్గురికీ చాలా దూరంగా వినిపించింది.

"ఎవరాగుతారు?" అన్నాడు నార్బర్ట్, రంపం తేవడానికి లేస్తూ.

డిసెంబరు ఎండ. మంచు నాలుగు వేళ్ళ మందం. డెల్మార్‌ని రెండు దుప్పట్లలో చుట్టి, కట్టెలు లాగే బండి మీద కూర్చోబెట్టి లాక్కెళ్ళింది ఆర్డిస్. నార్బర్ట్ మోకాళ్ళ మీద కూర్చుని, తిట్టుకుంటూ, పడవంత పొడుగున మంచు కోశాడు. పలకలు పైకి తీసి పక్కన పేర్చాడు. నల్లటి నీళ్ళు బయటపడ్డాయి. ఆవిరి లేచింది.

గాలపు కర్ర డెల్మార్ ఎడమ చేతికిచ్చారు.

చేప ఆ చివర నీళ్ళలో పడింది. అతను చిన్నగా తట్టాడు.

ఎడమకి.

ఆర్డిస్ బండి అంచు పట్టుకుంది.

కుడికి.

మళ్ళీ ఎడమకి తిరగబోయింది — అక్కడితో నీళ్ళు అయిపోయాయి. మంచు అంచుకి టక్‌మని తగిలి ఆగింది.

"నడిచిందా?" అన్నాడు నార్బర్ట్. "నడిచినట్టేనా అది?"



డెల్మార్ కర్ర ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎడమ చెయ్యి ఎత్తి, ముందున్న మంచుని చూపించాడు. అక్కడి నుంచి అవతలి ఒడ్డు దాకా, మెల్లగా, వేలుతో ఒక గీత గీశాడు.

"ఓరి దేవుడా... అంతా కొయ్యాలట్రా నేను?" నార్బర్ట్ మూలుగుతూ మళ్ళీ మోకాళ్ళ మీదకి దిగాడు.

ఆర్డిస్ బండి అంచు మీద, అతని పక్కన, కొంచెం చోటు చేసుకుని కూర్చుంది. దుప్పటి చివర తన మీదకి లాక్కుంది. కళ్ళు మూసుకుంది.

రంపం చప్పుడు. మంచు మీద రంపం... ముందుకి, వెనక్కి... ముందుకి...